వేదాయపాళెంలో 20 అంకణాల పాత మిద్దె: కొన్న లెక్క, బాగు చేసిన లెక్క, అమ్మిన లెక్క

ఈ ఇల్లు నెల్లూరు వేదాయపాళెంలో, రైల్వే స్టేషన్ నుంచి నడిచిపోయేంత దూరంలో ఒక లోపలి సందులో ఉంది. స్థలం 20 అంకణాలు, మన నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు కాబట్టి మొత్తం 160 గజాలు (కొన్ని చోట్ల అంకణం అంటే 36 అడుగులే, బయట ఊళ్ల వాళ్లు ఇక్కడ రేటు వినేటప్పుడు ఇది గుర్తు పెట్టుకోవాల). తూర్పు ముఖం, 1989లో కట్టిన ఒక ఫ్లోరు మిద్దె, లోపల 900 అడుగుల దాకా వస్తుంది. 41 లక్షలకి కొన్నా, 67 లక్షలకి అమ్మినా, మధ్యలో ఉన్న 26 లక్షల్లో నా చేతికి వచ్చింది ఎంత, మిగతాది ఎక్కడెక్కడికి పోయింది అనేదంతా కింద రాస్తున్నా.

నేను ఇల్లు చూసేటప్పుడు మొదట వేసుకునే ప్రశ్న, ఈ ఇంటికి ఈరోజు బ్యాంకు లోను ఇస్తుందా, ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వదు, ఆ కారణాన్ని నేను తీసేయగలనా అని. నెల్లూరులో 60, 70 లక్షలు చేతిలో పెట్టుకుని పాత ఇల్లు కొనేవాళ్లు చాలా తక్కువ, వాళ్లు కొన్నా గీసిగీసి బేరమాడతారు. జీతం మీద బతికే మొగుడూ పెళ్లాలు కొనాలంటే లోను రావాల. రిజర్వు బ్యాంకు రూలు ప్రకారం 30 నుంచి 75 లక్షల మధ్య హౌసింగ్ లోనుకి ఇంటి విలువలో 80 శాతం దాకా బ్యాంకు ఇవ్వొచ్చు, అంటే 67 లక్షల ఇంటికి 53 లక్షల 60 వేలు. లోను రాని ఇల్లు ఎంత బాగున్నా వీళ్లు చూసి పోతారు అంతే. అందుకే లోను రాని ఇంటికీ వచ్చే ఇంటికీ మధ్య ఉండే తేడాలోనే నా బతుకుదెరువు ఉంది, పెయింటు టైల్స్ దాని తర్వాతే.

ఇంటాయన గవర్నమెంటు ఉద్యోగం చేసి రిటైరై చనిపోయినాడు. 1984లో స్థలం కొని, 1989లో ఒక సొసైటీలో హౌసింగ్ లోను తీసుకుని కట్టినాడు. ఉండేది ఆయన భార్య ఒక్కతే, పెద్ద కొడుకు ఊర్లోనే, చిన్న కొడుకు చెన్నైలో, కూతురు హోసూరులో. కొడుకులు 46 లక్షలు అడిగినారు. ఆ సందులో పేపర్లు క్లియర్‌గా ఉండే ఖాళీ స్థలం అప్పటికి అంకణం రెండున్నర లక్షలకి పోతా ఉంది, అంటే ఇల్లు లేకుండా ఒట్టి నేలే 50 లక్షలు. మరి 46 అడుగుతున్నా ఎవరూ కొనలేదంటే ఇంట్లో కాదు కాగితాల్లో చూడాల అని అప్పుడే అనుకున్నా. నవంబరు వానల్లో పోయి చూసినా కాబట్టి ఇల్లు కూడా దాని బాధ అంతా అదే చెప్పింది, వంటింట్లో స్లాబు పెచ్చులు ఊడి కమ్మీలు కనపడతా ఉన్నాయి, వెనక గదిలో గోడ మూడడుగుల ఎత్తు దాకా చవుడెక్కింది (తేమతో పాటు ఉప్పు పైకి వచ్చింది). మనకి వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలకే పడతాయి, నెల్లూరులో పాత ఇల్లు చూడాలంటే ఆ మూడు నెలల్లో చూడండి, ఎండాకాలం చూస్తే సున్నం కొట్టి దాచిన తేమ మీకు తెలీదు.

రేటు కట్టడం ఎప్పుడూ అమ్మే రేటు నుంచి వెనక్కి రావడమే. అదే ఏరియాలో అట్టాంటి సైజు ఇండిపెండెంట్ ఇల్లు లోను మీద ఎంతకి పోతుందో ముగ్గురు బ్రోకర్లనీ, ఒక వాల్యుయేషన్ ఇంజనీరునీ అడిగి 66 అని పెట్టుకున్నా. అందులో అమ్మేటప్పటి బ్రోకరేజి 66 వేలు, రిపేర్లకి 11 ప్లస్ తెలీని ఖర్చుకి 1, నా పేరు మీద రిజిస్ట్రేషన్‌కి 3, వడ్డీకి 2, లీగలు, కొనేటప్పటి బ్రోకరేజి, ఇంటిపన్ను అన్నీ కలిపి లక్షా పది వేలు, నాకు మిగలాల్సింది 6. ఇవన్నీ తీసేస్తే 41 కాడ ఆగింది. ఆ కాగితం నేను దాచుకోలేదు, పెద్ద కొడుకు ముందు పెట్టి "అన్నా, ఇదీ నా లెక్క, ఇందులో ఏది తప్పో చెప్పండి, మారుస్తా" అన్నా. వాళ్లు రెండు వారాలు ఆలోచించుకుని ఒప్పుకున్నారు. బేరంలో అరిచి గోల చేసి తగ్గించిన దానికంటే లెక్క చూపించి తగ్గించింది నిలబడుతుంది, తర్వాత రిజిస్ట్రేషన్ రోజు మాట మారదు.

ఇక కాగితాల సంగతి, ఈ కేసులో అసలు పని ఇదే. రిజిస్ట్రేషన్ శాఖ వాళ్ల ఐజీఆర్ఎస్ సైట్లో 1983 నుంచి ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు చూపించే కాగితం) ఆన్‌లైన్లో దొరుకుతుంది, స్థలం కొన్నది 1984 కాబట్టి మొత్తం చరిత్ర ఒక్క ఈసీలోనే వచ్చేసింది. రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల నిషేధిత జాబితా 22ఏలో సర్వే నంబరు లేదు, అది మొదటే చూసుకున్నా. కానీ ఈసీలో 1989 నాటి తనఖా అట్టాగే నిలబడి ఉంది. అప్పు ఆయన బతికుండగానే కట్టేసినాడు, రసీదులు కూడా ట్రంకు పెట్టెలో ఉన్నాయి, అప్పు తీరింది, తనఖా పోయింది అని చెప్పే విడుదల దస్తావేజు మాత్రం రిజిస్టర్ చేయించుకోలేదు. కొనడానికి వచ్చిన వాళ్లందరి లాయర్లూ ఇదే పట్టుకుని వద్దన్నారంట. రెండోది, అప్రూవుడు ప్లాను లేదు, ఎక్కడో పోయింది. మూడోది కూతురి సంతకం.

కూతురి విషయం ముందు చెప్తా, ఎందుకంటే మన దగ్గర చాలా ఇళ్లు ఆగిపోయేది ఇక్కడే. "మా చెల్లెలికి పెళ్లప్పుడే ఇచ్చేసినాం, ఆమెతో పని లేదు" అన్నాడు పెద్ద కొడుకు. అది వాళ్ల ఇంట్లో మాట, చట్టంలో చెల్లదు. తండ్రి సొంత సంపాదనతో కొన్న ఆస్తి, వీలునామా రాయకుండా పోయినాడు, అట్టాంటప్పుడు హిందూ వారసత్వ చట్టం 1956 ప్రకారం భార్య, ఇద్దరు కొడుకులు, కూతురు నలుగురికీ సమాన భాగం, పెళ్లికి ఎంత ఇచ్చినారు అనే ప్రశ్నే రాదు. నేను ఆ అమ్మాయికి ఫోన్ చేసి "అమ్మా, నీ భాగం డబ్బు నీ అకౌంటుకే వస్తుంది, నువ్వు అమ్మేవాళ్లలో ఒకరిగా సంతకం పెట్టాల" అని చెప్పినా. ఆమెకి అప్పటిదాకా ఇల్లు అమ్మకానికి పెట్టిన సంగతే తెలీదు. అన్నదమ్ములు కొంచెం ముఖం మాడ్చుకున్నా వాళ్లమ్మ నా వైపు నిలబడింది, "నాయనా, అది కూడా నా బిడ్డే, దాని సంతకం లేకుండా నేనూ పెట్టను" అనింది. ఎమ్మార్వో ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, డెత్ సర్టిఫికెట్ తెప్పించి, నలుగురినీ అమ్మకందార్లుగా పెట్టి, ఒక్కొక్కరికి 10 లక్షల 25 వేలు విడివిడిగా బ్యాంకులో వేసినా. రిలీజ్ డీడ్ (తన భాగం వదులుకుంటున్నట్టు రాసే కాగితం) రాయించుకుని చెల్లెలి పేరు పక్కకి తీసేయమని సలహా ఇచ్చినారు కొందరు, చట్టం ఒప్పుకుంటుంది గానీ ఆమె చేతికి డబ్బు పోకుండా ఆ పని చేయించడం నాకు ఇష్టం లేదు, పైగా రేపు ఆమె కోర్టుకి పోతే కొనుక్కున్న వాళ్ల ఇల్లు ఆగిపోతుంది.

సొసైటీ వాళ్ల దగ్గర విడుదల తీసుకోవడానికి చాలా కాలం పట్టింది, పాత రికార్డు వెతకాల, సెక్రటరీ మారినాడు, ఫైలు ఇంకో బిల్డింగులో ఉంది, ఇట్టా నడిచింది. నేను మాత్రం ఆ ఫైలు కోసమే ఎదురు చూసినా, ఎందుకంటే 1989లో ఇల్లు కట్టడానికి లోను ఇచ్చినారంటే ప్లాను కాపీ లేకుండా ఇచ్చి ఉండరు. ఫైలు దొరికింది, అందులో అప్పటి మున్సిపాలిటీ సీలుతో ప్లాను కాపీ ఉంది, ఒరిజినల్ దస్తావేజు కూడా అందులోనే ఉంది. నో డ్యూ లెటరు తీసుకుని విడుదల దస్తావేజు రిజిస్టర్ చేయించేసరికి ఈసీలో ఆ ఎంట్రీ తేలిపోయింది, దాంతో మూడు అడ్డంకుల్లో రెండు ఒక్క ఫైలుతో పోయినాయి. మీరు పాత ఇల్లు చూసేటప్పుడు ప్లాను లేదంటే వెంటనే వదిలేయొద్దు, ఆ ఇంటి మీద ఎప్పుడైనా లోను ఉందా అని అడగండి, ఉంటే ప్లాను ఎక్కడో ఒక బీరువాలో ఉంటుంది.

ఈ పనులన్నీ అయ్యేదాకా నా డబ్బు ఇరుక్కోకుండా అగ్రిమెంటు రాయించుకున్నా. అడ్వాన్సు 2 లక్షలే, అది కూడా బ్యాంకు ద్వారా (స్థలం ఇల్లు బేరాల్లో 20 వేలు, అంతకి మించిన అడ్వాన్సు క్యాష్‌గా తీసుకోకూడదు అని 2015 నుంచి ఇన్‌కమ్‌ట్యాక్స్ చట్టంలో ఉంది). తనఖా విడుదలై, నలుగురూ సంతకానికి వస్తేనే మిగతా డబ్బు, విడుదల రాకపోతే అడ్వాన్సు వాపసు అని షరతు రాసినాం. రిజిస్ట్రేషన్ మాఘ మాసంలో అయింది, ఆ రోజు నుంచే వడ్డీ మీటరు తిరగడం మొదలు.

పని దగ్గరికొస్తే మొదలు స్లాబు. ఇంజనీరుని పెట్టుకుని చిన్న సుత్తితో గది గదికీ కొట్టించినా, గట్టి కాంక్రీటు ఖణేల్మంటుంది, లోపల విడిపోయినది డొల్ల శబ్దం చేస్తుంది, డొల్లగా ఉన్న చోటల్లా సుద్దతో గీసినాం. హాలు, ముందు గది బాగున్నాయి. వంటిల్లు, బాత్రూము, వాటి మధ్య నడవ మూడూ పోయినాయి. కారణం చాలా సింపుల్, మిద్దె పైన వాటర్ ట్యాంకు సరిగ్గా ఆ చోటే ఉంది, ఏళ్ల తరబడి కారతా ఉంది. కమ్మీకి తుప్పు పడితే ఆ తుప్పు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది, అది కింద ఉన్న కాంక్రీటుని తోసేస్తుంది, పెచ్చులు ఊడేది అందుకే. చాలామంది అమ్మేవాళ్లు చేసే పని ఏందంటే ఆ పెచ్చుల మీద సిమెంటు పూసి, కింద ఫాల్స్ సీలింగ్ కొట్టి, లైట్లు పెట్టి అమ్మేస్తారు. రెండు వానాకాలాలు పోయేసరికి ఆ సిమెంటు ముద్ద సీలింగుతో సహా ఎవరో ఒకరి మంచం మీద పడుతుంది. కింద పిల్లలు పడుకుంటారు. ఈ పని చేసేవాళ్లంటే నాకు కోపం, దాచిపెట్టి చెప్పను.

మేం చేసింది ఇదీ: కింద సపోర్టులు పెట్టి, డొల్ల కాంక్రీటు అంతా కమ్మీ వెనక దాకా చెక్కి, వైరు బ్రష్షుతో మెరిసేదాకా తుప్పు గీకి, కమ్మీ సన్నబడిన చోట ఇంజనీరు కొలిచి చెప్పిన మేరకు పక్కన కొత్త కమ్మీ కట్టి, యాంటీ కొరోషన్ కోటింగు, దాని మీద బాండింగ్ కోటు, ఆపైన పాలిమర్ మోర్టార్ పొరలు పొరలుగా, ప్రతి పొరకీ క్యూరింగు. బేల్దారి మేస్త్రీ మొదట్లో "ఎందుకన్నా ఇంత, మామూలు మాలు కొడితే సరిపోద్ది" అన్నాడు, తర్వాత ఇంకో సైటులో తనే ఇట్టా చేసినానని చెప్పినాడు. ప్రతి దశకీ తేదీతో ఫోటో తీసి పెట్టుకున్నా, అవి అమ్మేటప్పుడు ఎంత పనికొచ్చినాయో కింద చెప్తా. ట్యాంకుని హాలు పక్క బేరింగ్ గోడ మీదికి మార్చి కింద స్టాండు కట్టినాం. మిద్దె మీద పాత గచ్చు అంతా నీళ్లు పీల్చి బరువెక్కి ఉంది, దాన్ని మొత్తం పీకేసి, తూముల వైపు వాటం వచ్చేటట్టు మళ్లీ వేసి, వాటర్‌ప్రూఫింగ్ చేసి, తెల్ల కూల్ టైల్ పరిచి, తూములు మూసి రెండు రోజులు నీళ్లు నిలబెట్టి కింద చూసినాం. చెమ్మ లేదు. స్లాబు, మిద్దె కలిపి 2 లక్షల 65 వేలు, మొత్తం రిపేర్లలో ఇదే పెద్దది, చూసేవాళ్లకి కనపడనిది కూడా ఇదే.

చవుడు సంగతి రెండు కారణాల వల్ల. గోడలో దాచిన పాత జీఐ పైపు తుప్పుపట్టి లోపలే కారతా ఉంది, అది మార్చడం తేలిక. రెండోది, రోడ్డు. ముప్పై ఏళ్లలో ఆ సందులో రోడ్డు మీద రోడ్డు వేసుకుంటా పోయినారు, ఇల్లు పల్లంలోకి వచ్చేసింది, వాన నీళ్లు వాకిట్లోకి వచ్చి గోడ మొదట్లో నిలబడతా ఉన్నాయి. ఇంటిని ఎత్తలేం కాబట్టి వాకిలి ఎత్తు లేపి గేటు కాడ అడ్డుగా గట్టు కట్టి, పక్క సందు వెంబడి కాలవ తీసి వెనక నుంచి డ్రైనేజీలో కలిపినాం. గోడ ప్లాస్టరింగు నాలుగడుగుల ఎత్తు దాకా రాల్చి ఎండాకాలం అంతా అట్టాగే బోడిగా వదిలేసినా, మన వేసవి ఎండకి గోడ లోపలి తేమ అంతా పోయినాకే మళ్లీ పూసినాం. ఇక్కడ తొందరపడి వారంలో పూసేస్తే ఉప్పు కొత్త పెయింటుని కూడా తోసేస్తుంది.

మరుగుదొడ్డి, సెప్టిక్ ట్యాంకు ఈశాన్యంలో ఉన్నాయి. నెల్లూరులో పేపర్లు బాగుండి, రేటు బాగుండి, ఈశాన్యంలో దొడ్డి ఉందని తిరిగిపోయిన పార్టీలని ఎంతమందినో చూసినా. కొనేవాళ్లు జీవితంలో ఒకసారి కొంటారు, వాళ్ల మనసులో ఆ ముల్లు ఉంచకూడదు అనేది నా పద్ధతి. పాతది పూడ్చి, వాయువ్యం వైపు కొత్తది కట్టి, ఇంట్లోనే రెండు బాత్రూములు వచ్చేటట్టు చేసినాం, పైపులన్నీ సీపీవీసీ, అన్నీ కలిపి 2 లక్షల 30 వేలు.

మిగతావి తొందరగా చెప్పేస్తా. పాత ఫ్యూజు కట్‌అవుట్లు తీసేసి వైరింగు మొత్తం కొత్తది, లైట్లకి ఒకటిన్నర, ప్లగ్గులకి రెండున్నర, ఏసీలకి 4 చదరపు ఎంఎం వైరు, ఎంసీబీలు, 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ, (కరెంటు లీకైతే వెంటనే కట్ చేసేది), ఎర్తింగ్ గుంత కొత్తది, 1 లక్షా 10 వేలు. చవుడు, ప్లాస్టరింగు 1 లక్షా 35 వేలు. వంటిల్లు 85 వేలు, ప్లాట్‌ఫారానికి చీమకుర్తి నల్ల గ్రానైట్ కటింగు ముక్కలు దొరికినాయి. తలుపులు కిటికీలు 70 వేలు, పెయింటు 1 లక్షా 20 వేలు, కాంపౌండు, గేటు, కాలవ 90 వేలు. ఫ్లోరింగు 60 వేలే అయింది ఎందుకంటే హాలులో, గదుల్లో పాత మొజాయిక్ ఎక్కడా పగల్లేదు, పాలిష్ పట్టిస్తే అద్దంలా వచ్చింది. బ్రోకరు విట్రిఫైడ్ టైల్స్ వేయమని పట్టుబట్టినాడు. గట్టిగా ఉన్న ఫ్లోరు మీద ఇంకో ఫ్లోరు వేసి టేకు తలుపుల అడుగు కోయించడం నాకు అన్యాయం అనిపించింది. మొత్తం రిపేర్లు 11 లక్షల 65 వేలు.

పైన ఇంకో ఫ్లోరు వేస్తే 20 లక్షలు ఎక్కువ వస్తుంది అని కూడా సలహా వచ్చింది. 1989 ప్లానులో ఒక ఫ్లోరే ఉంది, పునాది ఎంత లోతో తెలీదు, కొత్త పర్మిషను లేకుండా పైన కడితే మళ్లీ లోను రాని ఇల్లే అవుతుంది. ఇంత కష్టపడి తీసిన అడ్డంకిని మనమే మళ్లీ పెట్టుకున్నట్టు. వద్దన్నా.

పని జ్యేష్ఠం ఆఖరికి అయింది, వెంటనే ఆషాఢం. చూసేవాళ్లు వచ్చినారు గానీ ఆషాఢంలో అడ్వాన్సు ఇవ్వరు, ఇది ముందే తెలుసు కాబట్టి వడ్డీ లెక్కలో ఆ నెల కలిపే పెట్టుకున్నా. నేను 15 లక్షలు రూపాయిన్నర వడ్డీకి తెచ్చినా, నెలకి 22,500, ఎనిమిది నెలలకి 1 లక్షా 80 వేలు. ఈ పనికి సొంత డబ్బు సగం కంటే తక్కువ ఉంటే దిగొద్దు, వడ్డీ మీద ఒత్తిడి పెరిగితే గోడ ఆరకముందే పూయాలనిపిస్తుంది.

శ్రావణంలో ఆత్మకూరు వైపు నుంచి ఒక మొగుడూ పెళ్లాలు, ఇద్దరూ టీచర్లే, పిల్లల చదువుల కోసం నెల్లూరు రావాలని వచ్చినారు. ఆమె అడిగిన మొదటి ప్రశ్న "అన్నయ్యా, వరదకి ఇక్కడికి నీళ్లొచ్చినాయా" అని. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవే, రైలు పట్టాలు కోసుకుపోయినది చూసినవాళ్లు ఎవరైనా అదే అడుగుతారు. నేను జవాబు చెప్పకుండా ఎదురింటి వాళ్ల దగ్గరికి తీసుకుపోయినా, 2015 వానలకీ 2021 వరదకీ ఏం జరిగిందో వాళ్లనే చెప్పమన్నా. సందులో మోకాలి కింద దాకా నీళ్లు నిలబడినాయి, 2015లో వాకిట్లోకి వచ్చినాయి, ఇంట్లోకి రాలేదు అని ఉన్నది ఉన్నట్టు చెప్పినారు. వాకిలి ఎందుకు ఎత్తు చేసినానో అప్పుడు చూపించినా. స్లాబు ఫోటోలు కూడా ఒక్కొక్కటి చూపించినా, ఎక్కడ కమ్మీ బయటపడిందో, ఎట్టా కట్టినామో. దాచకుండా చూపించినందుకే ఆయన నమ్మినాడు, బ్రోకరుకి మాత్రం పక్కన చెమటలు పట్టినాయి.

68 అడిగి 67కి ఒప్పుకున్నా. బ్యాంకు వాల్యుయేషన్ ఇంజనీరు వచ్చి స్లాబు అంతా చూసి, మా ఇంజనీరు ఇచ్చిన స్ట్రక్చరల్ సర్టిఫికెట్, ఫోటోలు తీసుకుని, ఇల్లు ఇంకా లోను కాలం దాటి నిలబడుతుందని రాసినాడు. లాయరు ఈసీ, విడుదల, నలుగురి సంతకాలు, ప్లాను చూసి ఒక్క ప్రశ్న కూడా పెట్టలేదు. 53 లక్షల 60 వేలు శాంక్షన్ అయింది. వాళ్లు చేతి నుంచి పెట్టుకోవాల్సింది 13 లక్షల 40 వేలు, దానికి తోడు 67 లక్షల మీద స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం అంటే 5 లక్షల 2,500, ఇది లోనులో రాదు. అంటే 18 లక్షల 42 వేల 500 వాళ్ల సొంతంగా ఉండాల. ఈ మాట అడ్వాన్సు తీసుకోకముందే కూర్చోబెట్టి చెప్పినా, చివర్లో రిజిస్ట్రేషన్ డబ్బు లేక ఆగిపోయే బేరాలు చాలా ఉంటాయి.

నా ఖర్చు: ఇల్లు 41 లక్షలు, రిజిస్ట్రేషన్ అదే ఏడున్నర శాతం లెక్కన 3 లక్షల 7,500, లీగలు సర్టిఫికెట్లు 60 వేలు, రిపేర్లు 11 లక్షల 65 వేలు, వడ్డీ 1 లక్షా 80 వేలు, కొన్నప్పుడు బ్రోకరేజి 41 వేలు, అమ్మినప్పుడు 67 వేలు, ఇంటిపన్ను కరెంటు 15 వేలు. మొత్తం 59 లక్షల 35,500. మిగిలింది 7 లక్షల 64,500, పెట్టుబడి మీద 13 శాతానికి కొంచెం తక్కువ.

ఇది టాక్సుకి ముందు లెక్క. రెండేళ్ల లోపు అమ్మినా కాబట్టి ఎట్టాగూ లాంగ్‌టర్మ్ 12.5 శాతం రేటు వర్తించదు, పైగా నేను ఇదే పనిగా చేస్తా కాబట్టి ఆడిటరు దీన్ని వ్యాపార ఆదాయం కిందే చూపిస్తాడు, శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది, వడ్డీ, బ్రోకరేజి ఖర్చు కింద తీసుకోవచ్చు. 50 లక్షలు దాటిన ఇల్లు కాబట్టి కొన్నవాళ్లు 1 శాతం టీడీఎస్, 67 వేలు, పట్టుకుని నా పాన్ మీద కట్టినారు, అది రిటర్నులో సర్దుకుంటుంది. కొన్నప్పుడూ అమ్మినప్పుడూ పూర్తి రేటు దస్తావేజులో రాయించినా. 41ని 30 అని రాయించి ఉంటే రిజిస్ట్రేషన్లో 82,500 మిగిలేది, కానీ ఇప్పుడు ఆ 11 లక్షలు నా లాభంలో కలిసి దాని మీద కూడా పన్ను కట్టాల్సి వచ్చేది. టీచరమ్మ వాళ్లు దసరాకి ఇంట్లో చేరినారు, ఇంటిపన్ను, కుళాయి, కరెంటు మీటరు మూడూ వాళ్ల పేరు మీదికి మారినాకే ఫైలు నా దగ్గర నుంచి ఇచ్చేసినా.